‘ఫార్మలైజేషన్’కి ఒకే తెలుగు మాట సరిపోతుందా?

అనువాదిని:
అందరికీ నమస్కారం. ఒక వ్యాస సంకలనాన్ని తెలుగులోకి తెస్తున్నాను. వేరువేరు రంగాలవాళ్లు రాసిన వ్యాసాలు అవి. అన్నింట్లోనూ ‘ఫార్మలైజేషన్’ అనే మాట వస్తోంది. గణితం వ్యాసంలో ‘సూత్రీకరణ’ అని రాశాను. ఆర్థికశాస్త్రం వ్యాసంలో అదే మాట పెడితే అర్థమే పోయింది, అక్కడ ‘క్రమబద్ధీకరణ’ అన్నాను. ఆసుపత్రుల మీద రాసిన వ్యాసంలో రెండూ అతకలేదు. నిఘంటువు చూస్తే ‘లాంఛనం’ అని ఉంది. కానీ ‘లాంఛనంగా చేశారు’ అంటే పైపైన, పద్ధతి కోసం చేశారనే మనకు తోస్తుంది. వ్యాసాలు చెప్పేది దానికి పూర్తిగా ఎదురు.

వారం రోజులుగా ఇదే టెన్షన్. మాట సంగతి తర్వాత, ముందు నాకు విషయం తెలియాలి. మీ రంగంలో ఒకదాన్ని ఫార్మలైజ్ చేశాం అంటే అసలు ఏం చేసినట్టు? చేయకముందు లేనిది, చేశాక వచ్చేది ఏమిటి? ఉదాహరణతో చెబితే మేలు.

లెక్కల మాస్టారు:
మంచి ప్రశ్న వేశారు. గణితంలో నేను దీన్ని ఇలా చెబుతాను. ఒక వాదనని, దాని అర్థం తెలియనివాళ్లు కూడా తప్పొప్పులు తేల్చగలిగే రూపంలో పెట్టడమే ఫార్మలైజ్ చేయడం. ‘అర్థం తెలియనివాళ్లు’ అన్న దగ్గరే అసలు విషయం ఉంది.

యూక్లిడ్ మొట్టమొదటి ప్రతిపాదన చూడండి. ఇచ్చిన రేఖాఖండం మీద సమబాహు త్రిభుజం గీయాలి. రెండు కొసలూ కేంద్రాలుగా రెండు వృత్తాలు గీస్తాడు. అవి ఖండించుకున్న బిందువే మూడో శీర్షం. బొమ్మలో ఖండించుకోవడం కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ వృత్తాలు ఖండించుకుని తీరతాయని ఆయన పెట్టుకున్న స్వీకృతాల్లో, అంటే నిరూపణ లేకుండా ముందే ఒప్పుకున్న మాటల్లో, ఎక్కడా లేదు. బొమ్మ చూసి కన్ను ఒప్పేసుకుంది, మనసు అడగడం మరిచిపోయింది. రెండు వేల ఏళ్లకు పైగా ఆ పాఠం అలాగే చెప్పుకుంటూ వచ్చాం.

1899లో హిల్బర్ట్ అనే గణితవేత్త జ్యామితిని పునాదుల నుంచి మళ్లీ కట్టినప్పుడు, ఇలా కన్ను ఒప్పుకున్న చోట్లను వెతికి స్వీకృతాలుగా బయట పెట్టాడు. బిందువు, రేఖ, తలం అనే చోట బల్ల, కుర్చీ, గ్లాసు అని రాసినా నిరూపణలు నిలబడాలని ఆయన అన్నాడని చెబుతారు. బొమ్మ మీద ఆధారపడకూడదు అనడానికి ఇంతకంటే సూటి మాట నాకు తెలియదు.

కాబట్టి ‘సూత్రీకరణ’ నాకు నచ్చలేదండీ. సూత్రం రాసినంత మాత్రాన ఈ పని పూర్తయినట్టు కాదు.

సిస్టమ్స్ ఇంజనీర్:
మాస్టారు చెప్పిన ‘అర్థం తెలియనివాళ్లు’ మా దగ్గర నిజంగానే ఉన్నారు. యంత్రమే ఆ మనిషి. ఒక ప్రోగ్రాం ఏం చేయాలో గణిత భాషలో రాసి, ఆ ప్రోగ్రాం అదే చేస్తుందని నిరూపణ రాసి, ఆ నిరూపణని ఇంకో ప్రోగ్రాంతో తనిఖీ చేయిస్తాం. ఎస్ఈఎల్4 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం అది) 2009లో ఇలా చేశారు. కోడ్ సుమారు 8,700 వరుసలు. నిరూపణ దాదాపు రెండు లక్షల వరుసలు. ఎంత ఖర్చుతో కూడిన పనో దీన్ని బట్టే ఊహించుకోండి.

అయితే ఒక జాగ్రత్త. బైనరీ సెర్చ్ మీలో చాలామంది చదువుకునే ఉంటారు. వరుసలో పేర్చిన జాబితాలో ఒక విలువ వెతకాలంటే మధ్య స్థానం చూసి, అవసరం లేని సగం వదిలేస్తూ పోవడం. మధ్య స్థానం కోసం రెండు కొసల సంఖ్యలు కలిపి రెండుతో భాగిస్తాం. ఇది సరైనదని తరగతిలో నిరూపించి చూపిస్తారు, ఆ నిరూపణలో తప్పేమీ లేదు. కానీ జావా లైబ్రరీలో ఉన్న ఇదే పద్ధతిలో లోపం ఉందని 2006లో బయటపడింది. జాబితాలో వంద కోట్లకు పైగా అంశాలుంటే, ఆ రెండు సంఖ్యల మొత్తం యంత్రం పట్టగలిగిన పరిమితిని దాటి రుణ సంఖ్యగా మారిపోతుంది.

నిరూపణ మాట్లాడింది గణితంలోని పూర్ణాంకాల గురించి, వాటికి అంతు లేదు. యంత్రంలో ఉన్నవి 32 బిట్ల పూర్ణాంకాలు, వాటికి గోడ ఉంది. రెండింటినీ ‘పూర్ణాంకం’ అనే ఒకే పేరుతో పిలిచాం, తేడా ఆ పేరు వెనక దాక్కుంది.

లెక్కల మాస్టారు:
ఇది చాలా ముఖ్యమైన పాయింట్. నిరూపణ లోపల తప్పు లేకపోవడం ఒకటి. మనం నిరూపించినది, మనం అనుకున్నది ఒకటే కావడం వేరే. మొదటిదాన్ని యంత్రానికి అప్పగించవచ్చు. రెండోది మనిషి దగ్గరే మిగిలిపోతుంది.

ఇంకో సంగతి కూడా చెబుతాను. ‘గణన చేయడం’ అంటే ఏమిటో 1936కి ముందు అందరికీ తెలుసు, ఎవరూ నిర్వచించలేదు. ఆ ఏడాది చర్చ్ అనే గణితవేత్త ఒక రూపం ఇచ్చాడు, ట్యూరింగ్ అనే ఇంకో గణితవేత్త ఇంకో రూపం ఇచ్చాడు. చూడటానికి ఒకదానికొకటి పోలికే లేదు. అయినా రెండూ లెక్కగట్టగలిగేవి సరిగ్గా అవే ప్రమేయాలని తేలింది. అది నిరూపించగలిగిన విషయమే, ఎందుకంటే రెండు వైపులా రూపం ఉంది. కానీ మన మనసులో ఉన్న ‘గణన’, ట్యూరింగ్ ఊహించిన యంత్రం చేసే గణన ఒకటేనా? దీన్ని మామూలు సిద్ధాంతంలా నిరూపించలేం. ఒక వైపు రూపమే లేదు కదా. చర్చ్–ట్యూరింగ్ ప్రతిపాదన అంటున్నామే తప్ప సిద్ధాంతం అనకపోవడానికి కారణం అదే.

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నా, ఈ ఒక్క చోటికి వచ్చేసరికి నేను ఇప్పటికీ కాసేపు ఆగుతాను.

వ్యాకరణాభిమాని:
మీరంతా యూరప్ నుంచి మొదలుపెట్టారు. నేను పాణిని దగ్గరికి తీసుకెళ్తాను. సుమారు నాలుగు వేల సూత్రాలతో ఒక భాష మొత్తాన్ని కట్టాడు. ఎలా కట్టాడో చూడండి.

అతి + అంత = అత్యంత. బడిలో యణాదేశ సంధి అని చదువుకున్నాం. దీనికి పాణిని సూత్రం ‘ఇకో యణచి’, మూడే మాటలు. ఇక్ అంటే ఇ, ఉ, ఋ, ఌ. యణ్ అంటే య, వ, ర, ల. అచ్ అంటే అచ్చులన్నీ. ఈ పొట్టి పేర్లు 14 మాహేశ్వర సూత్రాల్లోని అక్షరాల వరుస నుంచి పుట్టినవి. సూత్రంలో ‘బదులు’, ‘వస్తుంది’, ‘ముందు’ అనే మాటలేవీ లేవు. మరి ఆ పని ఎవరు చేస్తున్నారు? విభక్తులు. షష్ఠిలో ఉన్నది తొలగిపోయేది. ప్రథమలో ఉన్నది దాని చోట వచ్చేది. సప్తమిలో ఉన్నది పక్కన ఉండాల్సింది. షష్ఠికీ సప్తమికీ ఈ అర్థాలు ఇక్కడ వర్తిస్తాయని చెప్పడానికి ఆయన విడిగా సూత్రాలే రాశాడు: ‘షష్ఠీ స్థానేయోగా’, ‘తస్మిన్నితి నిర్దిష్టే పూర్వస్య’. అంటే సూత్రాలను ఎలా చదవాలో చెప్పే సూత్రాలు. రెండు సూత్రాలు ఢీకొంటే ఏది గెలుస్తుందో చెప్పే సూత్రం కూడా ఉంది.

మామూలు భాషలోని విభక్తిని తీసుకుని, దానికి ఒక కచ్చితమైన పని అప్పగించాడు. నాకు ఫార్మలైజేషన్ అంటే ఇదే. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం రాయడానికి బేకస్ పద్ధతి వచ్చాక, దాని పేరులో పాణినిని కూడా చేర్చాలని 1967లో ఒకరు కంప్యూటర్ శాస్త్ర పత్రికకు లేఖ రాశారు.

మన చిన్నయ సూరి బాలవ్యాకరణం చూస్తే మరో రుచి. ‘ఏమ్యాదుల యిత్తునకు సంధి వైకల్పికముగానగు.’ ‘వైకల్పికం’, ‘బహుళం’ అనే మాటలు ఆయన పదేపదే వాడతాడు. జరగవచ్చు, జరగకపోవచ్చు, ఒక్కోసారి ఇంకోలా జరగవచ్చు. భాష ఎక్కడ కచ్చితంగా లేదో అక్కడ తన సూత్రం కూడా కచ్చితంగా ఉన్నట్టు నటించలేదు. నాకు ఇది బలహీనతగా అనిపించదు.

సిస్టమ్స్ ఇంజనీర్:
సూత్రాలను చదవడానికి సూత్రాలు అన్నారే, కంపైలర్ (ప్రోగ్రాంని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం) రాసేటప్పుడు మేం చేసేదీ అదే. ఇన్నాళ్లూ పాణిని పేరు వినడమే తప్ప ఆ విభక్తుల సంగతి నాకు తెలియదు. థాంక్స్ అండీ.

థియేటర్ నర్స్:
ఆసుపత్రుల వ్యాసం అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా దగ్గర సూత్రాలు, నిరూపణలు ఉండవు. అయినా రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది ఆప్గర్ స్కోరు. బిడ్డ పుట్టగానే ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగానే ఉంది’, ‘కొంచెం నీరసంగా ఉంది’ అనే రోజుల్లో, 1952లో వర్జీనియా ఆప్గర్ అనే మత్తు డాక్టరు ఒక పద్ధతి పెట్టింది. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, ముట్టుకుంటే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు. మొత్తం పదికి. పుట్టిన నిమిషానికి చూడాలి. దానితో ఏమైందంటే, ఎవరో ఒకరు ఆ నిమిషంలో బిడ్డను చూసి తీరాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆ అంకె కంటే ఇదే పెద్ద మార్పు. ‘ఒంటి రంగు’ అనే అంశం మాత్రం నల్లగా పుట్టిన బిడ్డల్లో అంత తేలిగ్గా తేలదు. రూపం కట్టినవాళ్ల కళ్ల ముందు ఏ బిడ్డలున్నారో అది రూపంలోకి చేరిపోయింది.

రెండోది ఆపరేషన్ చెక్‌లిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 19 అంశాల జాబితాను ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. తర్వాత కెనడాలోని ఒంటారియోలో అన్ని ఆసుపత్రుల్లోనూ చెక్‌లిస్టు తెచ్చారు. అక్కడ 101 ఆసుపత్రుల లెక్కలు చూసి 2014లో రాసిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనపడలేదు. జాబితా అలాంటిదే, ఫలితం వేరు.

ఎందుకో నేను కళ్లారా చూశాను. ఒకచోట పనిచేసినప్పుడు పేషెంటు లోపలికి రాకముందే మొత్తం జాబితాకు టిక్కులు పడిపోయేవి. ఒకరోజు అలర్జీ గడిలో టిక్కు ఉంది, అడిగినవాళ్లు లేరు. అదృష్టం కొద్దీ మత్తు ఇచ్చే ముందు ఆ అమ్మే తనంతట తాను చెప్పింది. ఆ రోజు నాకు చేతులు వణికాయి. కాగితం మీద చూస్తే మా ఫారం నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉంది.

లెక్కల మాస్టారు:
మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను మొదట చెప్పిన నిర్వచనాన్ని కొంచెం దిద్దుకోవాలి. ‘అర్థం తెలియనివాళ్లు కూడా తేల్చగలగాలి’ అన్నాను. గణితంలో అది బలం. మీ దగ్గర, అర్థం పట్టని చేయి కూడా టిక్కు పెట్టగలగడమే ప్రమాదం అయింది.

గణితంలోనూ ఈ పని చేసేవాళ్లు దీన్ని గమనించారు. షోల్జే అనే జర్మన్ గణితవేత్త తన సొంత సిద్ధాంతం మీద తనకే పూర్తి నమ్మకం కుదరక, దాన్ని యంత్రంతో తనిఖీ చేయమని 2020 డిసెంబరులో బహిరంగంగా అడిగాడు. లీన్ అనే ప్రోగ్రాంలో కొంతమంది కలిసి ఆరు నెలల్లోపే అసలు కష్టమైన భాగం పూర్తి చేశారు, 2022 జూలైకి మొత్తం అయింది. ఆ పనిలో, తన నిరూపణ ఎందుకు పనిచేస్తుందో తనకే కొత్తగా తెలిసిందని ఆయన చెప్పాడు. టిక్కు పడిందనే సంతోషం కంటే అది గొప్పది.

కెప్లర్ ఊహ సంగతి ఇంకోరకం. ఒకే సైజు గోళాలను ఎంత దగ్గరగా పేర్చగలం అని 1611లో పుట్టిన ప్రశ్న. 1998లో హేల్స్ అనే గణితవేత్త నిరూపించానన్నాడు. పరిశీలకులు ఏళ్ల తరబడి చూసి, 99 శాతం నమ్మకం ఉంది, అంతకంటే చెప్పలేం అన్నారు. ఆ మిగిలిన ఒక్క శాతం కోసం ఆయన బృందం పదేళ్లకు పైగా కష్టపడి 2014లో యంత్ర తనిఖీ పూర్తి చేసింది.

గమకం:
సంగీతం వైపు నుంచి ఒక మాట. 72 మేళకర్తలు, అంటే మూల రాగాలు, అందరికీ తెలుసు. సరిగమపదనిలో ‘స’, ‘ప’ కదలవు. మధ్యమాలు రెండు. రిషభ గాంధారాలు కలిసే తీరులు ఆరు, ధైవత నిషాదాలు కలిసే తీరులు ఆరు. రెండు ఆర్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి ఈ లెక్క వేసినప్పుడు ఇందులో చాలా మేళాలను అప్పటికి ఎవరూ పాడటం లేదు. పట్టికలో గడి ఉంది, రాగం లేదు. తర్వాతివాళ్లు ఆ గడుల్లోకి వెళ్లి కీర్తనలు కట్టారు. రూపమే కొత్త సంగీతానికి దారి చూపించింది. దీన్ని నేను చాలా ఇష్టంగా చెప్పుకుంటాను.

కానీ ఆరభినీ దేవగాంధారినీ తీసుకోండి. ఆరోహణ, అవరోహణ రాసి చూస్తే దాదాపు ఒకటే. వింటే మాత్రం పొరపాటు పడరు. దేవగాంధారి నిదానంగా, ఊగుతూ నడుస్తుంది. ఆరభి చురుగ్గా, సూటిగా వెళ్తుంది. తేడా అంతా స్వరం రాసిన తీరులో లేదు, పట్టుకున్న తీరులో ఉంది. 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక్కో గమకానికి, అంటే స్వరాన్ని ఊపే, వంచే ఒక్కో తీరుకి, ఒక్కో గుర్తు పెట్టారు. అప్పటిదాకా గురువు నోటి నుంచి మాత్రమే వచ్చేదాన్ని కాగితం మీదికి తేవడానికి అంత శ్రమ పడ్డారు. నేను ఆ పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకోవాలని చూశాను. గుర్తులన్నీ తెలిసినా గొంతులో ఆ వంపు పలకలేదు. గురువుగారు ఒక్కసారి పాడాక, అదే గుర్తు చదివితే అర్థమైంది.

లా విద్యార్థి:
చట్టాన్ని ప్రోగ్రాంగా రాసే ప్రయత్నం కూడా ఉంది. బ్రిటన్ 1981 పౌరసత్వ చట్టాన్ని 1986లో కొందరు పరిశోధకులు ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి తెచ్చారు. దొరికిన పసిబిడ్డ గురించి అందులో ఒక సెక్షన్ ఉంది. ‘వేరేగా రుజువైతే తప్ప’ అక్కడే పుట్టినట్టు భావించాలి. ఈరోజు రుజువు లేదు కాబట్టి పౌరుడు, రేపు రుజువు దొరికితే? మామూలు తర్కంలో ఒకసారి తేలింది మళ్లీ మారదు. చట్టంలో మారవచ్చు. కోడ్‌లోకి తేబోతేనే ఆ మాటలో ఎంత చిక్కు ఉందో బయటపడింది.

అర్థశాస్త్రం ఎమ్మే:
మా దగ్గర ఈ మాటకి అర్థం వేరు. నమోదు కాని పనులు, వ్యాపారాలు, ఇళ్లు నమోదు పరిధిలోకి, కార్మిక రక్షణలోకి రావడం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 61 శాతం, అంటే 200 కోట్ల మంది, అనియత రంగంలోనే ఉన్నారు. ఈ మార్పు ఎలా జరగాలో చెప్పే 204వ సిఫార్సును ఆ సంస్థ 2015లో ఆమోదించింది.

లెక్కల మాస్టారు:
ఇది వేరే మాట కదండీ? పేరు కలిసింది గానీ పని వేరు. రూపం కట్టడం ఎక్కడ, రిజిస్టర్లో పేరెక్కించడం ఎక్కడ?

అర్థశాస్త్రం ఎమ్మే:
నేనూ అలాగే అనుకునేదాన్ని, మాస్టారూ. కానీ మీరు చెప్పినదే తీసుకోండి. ఒక ఇల్లు ఎవరిదో చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ తెలివిడి ఆ వీధి దాటదు. పట్టా వచ్చాక, ఆ మనుషులెవరో తెలియని కోర్టు కూడా తేల్చగలదు. మీ ‘అర్థం తెలియనివాళ్లు’, మా ‘ముఖం తెలియనివాళ్లు’ ఒకటే అనిపిస్తోంది.

తప్పే చోటు కూడా ఒకటే. పట్టా ఇస్తే పేదవాళ్లు దాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటారని గట్టిగా వాదించినవాళ్లున్నారు. బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో ఒకే పేటలో కొందరికి పట్టాలు వచ్చి, కొందరికి రాలేదు. ఆర్థికవేత్తలు ఆ రెండు గుంపులనూ పోల్చి చూశారు. పట్టా వచ్చినవాళ్లు ఇళ్లు బాగు చేసుకున్నారు, పిల్లలను ఎక్కువ చదివించారు. అప్పు మాత్రం పెద్దగా పెరగలేదు. కాగితం ఉంటే చాలు అనుకున్నారు. బ్యాంకు కాగితంతో పాటు స్థిరమైన ఆదాయమూ చూస్తుంది.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటున్నాను. నేను తొందరపడ్డాను.

అనువాదిని:
ఇన్ని వస్తాయని అనుకోలేదు, ఒక్కోటీ నోట్సులో రాసుకున్నాను. ఇప్పుడు మాట దగ్గరికి వస్తాను. వ్యాకరణాభిమాని గారూ, ఇవన్నీ చదువుతుంటే నాకు ‘ఛందోబద్ధం’ గుర్తొచ్చింది. ఛందస్సుకు కట్టుబడింది ఛందోబద్ధం. అలాగే క్రమబద్ధం, చట్టబద్ధం. ‘బద్ధం’ ఉంచి, ముందు మాట రంగాన్ని బట్టి మారిస్తే? గణితంలో, ప్రోగ్రాముల్లో ‘రూపబద్ధం చేయడం’, ఆర్థికశాస్త్రంలో ‘చట్టబద్ధం చేయడం’.

వ్యాకరణాభిమాని:
‘రూపబద్ధం’ బాగుంది. దేనికి కట్టుబడిందో మాటలోనే చెబుతోంది. మొదటిసారి వాడినచోట ఒక వాక్యం వివరణ ఇవ్వండి, తర్వాత పాఠకులే అలవాటు పడతారు.

అర్థశాస్త్రం ఎమ్మే:
దయచేసి ‘చట్టబద్ధం’ వద్దు. అలా అంటే ఇప్పటిదాకా వాళ్లు చేసేది చట్టవిరుద్ధం అన్నట్టు వస్తుంది. అనియత రంగం అంటే చట్టవిరుద్ధమైన పనులు కావని 204వ సిఫార్సులోనే విడిగా రాశారు. ‘నియత రంగంలోకి రావడం’ అనండి, కాస్త పొడవైనా ఎవరినీ తప్పుపట్టదు.

థియేటర్ నర్స్:
మా వ్యాసానికి బద్ధం ఏదీ వద్దండీ. ‘రాతలో పెట్టడం’ అంటే చాలు, వార్డులో ఎవరికైనా అర్థమవుతుంది.

అనువాదిని:
రెండూ మార్చాను. ఆసుపత్రి వ్యాసంలో ‘రాతలో పెట్టడం’ పెట్టి చదివితే, మూడు రోజులుగా కదలని పేరా సాఫీగా సాగింది. గమకం గారూ, సంగీతం మీద కూడా ఒక చిన్న వ్యాసం ఉంది. అందులో ‘గమకాలకు గుర్తులు కట్టడం’ అని రాయవచ్చా, లేక మీవాళ్లు వేరే మాట వాడతారా?

గమకం:
‘స్వరపరచడం’ అని రాయకండి, అది బాణీ కట్టడం అవుతుంది. ‘గమక చిహ్నాలతో స్వరలిపి రాయడం’ అనండి.